110 జీబీ గేమ్ 500 ఎంబీలో ఎలా వస్తుంది?

మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఏ గేమూ ఓపెన్ చేయకపోయినా రెండు రోజులుగా ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. ఏంట్రా అని గట్టిగా అడిగితే, ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల గేమ్ "హైలీ కంప్రెస్డ్, 500 ఎంబీ మాత్రమే" అని ఎక్కడో కనిపిస్తే డౌన్‌లోడ్ చేశాడట. ఆ గేమ్‌కి 110 జీబీ ఖాళీ ఉండాలని తయారుచేసినవాళ్లే చెప్తుంటే, 500 ఎంబీలో ఎలా పడుతుంది? గేమ్‌లోని బొమ్మలు, శబ్దాలు చాలావరకు ముందే కుదించి ఉంటాయి, మళ్లీ కుదిస్తే కొంత తగ్గుతుంది కానీ రెండు వందల వంతుకు తగ్గడం జరగని పని.

నాకు ఒళ్లు మండేది ఆ జిప్ ఫైల్ చూస్తే. దానికి పాస్‌వర్డ్ పెట్టింది లోపల ఏముందో యాంటీవైరస్‌కి కనపడకుండా. పక్కనే చిన్న టెక్స్ట్ ఫైల్, అందులో "ముందు డిఫెండర్ ఆఫ్ చేయండి" అని, అంటే విండోస్‌తో పాటు వచ్చే యాంటీవైరస్‌ని. వీడు చేశాడు. సెటప్ 99 శాతం దగ్గర ఆగిపోయింది, వీడు గంటసేపు దాని ముందే కూర్చున్నాడు పాపం.

తెల్లారేసరికి వాడి ఇన్‌స్టా నుంచి ఫ్రెండ్స్ అందరికీ ఏవో లింకులు వెళ్లాయి. ఇలాంటి దొంగ సెటప్‌లతో బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లే కాదు, కుకీలు (మనం లాగిన్ అయి ఉన్నామని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) కూడా లాగేస్తారు, అవి దొరికితే ఓటీపీ లేకుండానే అకౌంట్‌లోకి దూరిపోవచ్చు. అమ్మ బ్యాంకు లాగిన్ కూడా అదే బ్రౌజర్‌లో ఉంది! కార్ల గేమ్ ఆడాలనుకున్న పిల్లాడిని ఇలా దోచుకోవడానికి మనసెలా వస్తుందో.

ఇప్పుడు నా ఫోన్ నుంచి ఒక్కో పాస్‌వర్డ్ మారుస్తూ, అటు విండోస్ మళ్లీ వేస్తూ కూర్చున్నా. వాడి కాలేజీ ప్రాజెక్టుకి బ్యాకప్ లేదు.