సవరణ: ఏఆర్‌పీ 2600ను మళ్లీ తెచ్చింది కోర్గ్

బరంపురం పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, పాత అనలాగ్ సింథసైజర్ (కరెంటు సర్క్యూట్లతో స్వరాలు పుట్టించే వాద్యం) ఏఆర్‌పీ 2600ను ‘అదే కంపెనీ మళ్లీ వదిలింది’ అని, ‘వైర్లు గుచ్చకపోతే పలకదు’ అని ఉంది. రెండూ సరికాదు.

దాన్ని తయారుచేసిన కంపెనీ ఏఆర్‌పీ 1981లోనే మూతపడింది. 1971 నాటి ఆ వాద్యాన్ని 2020లో పూర్తి సైజులో మళ్లీ తయారుచేసింది జపాన్ కంపెనీ కోర్గ్. 2021లో వచ్చిన 2600 ఎం బాగా చిన్నది. పర్లాకిమిడి దాకా ప్రోగ్రాములకు మోసుకెళ్లేవాళ్లకు అదే నయం.

ఇక వైర్లు, అంటే వాద్యంలోని భాగాలను కలపడానికి దాని ముందువైపు రంధ్రాల్లో గుచ్చేవి. స్వరం పుట్టించే ఆసిలేటర్లు, దాని ధ్వనిని మలిచే ఫిల్టర్, శబ్దం హెచ్చుతగ్గులు చూసే యాంప్లిఫయర్ లోపలే కలిపి ఉంటాయి. స్లైడర్లు జరిపితే చాలు, పలుకుతుంది. వైరు గుచ్చితే ఆ లోపలి దారి తెగి, మీరు చూపిన దారి పడుతుంది. అసలు సరదా అక్కడే ఉందనుకోండి.

ఫిల్టర్ ఊసే ఆ పోస్టులో లేదు. తొలినాటి 2600లో ఉన్న 4012 ఫిల్టర్, మరో సింథసైజర్ తయారీదారు మోగ్ పేటెంట్ తీసుకున్న ‘లాడర్’ అనే ఫిల్టర్ సర్క్యూట్‌కు మరీ దగ్గర. తర్వాత దాని స్థానంలో 4072 అనే ఫిల్టర్ వచ్చింది. ఏది గొప్పదని ఇప్పటికీ వాదులాడుకుంటారు. కోర్గ్ రెండూ ఇచ్చి, మధ్యలో ఒక స్విచ్ పెట్టేసింది!

కార్డ్స్ (ఒకేసారి మూడు నాలుగు స్వరాలు కలిపి వాయించడం) కోసమైతే మాత్రం కొనకండి. ఒకేసారి రెండు స్వరాలకు మించి పలకదు. సెట్టింగులు దాచుకునే మెమరీ కూడా లేదు. బరంపురం జాతర ఠాకురాణి యాత్ర స్టేజీ మీద పాటకూ పాటకూ మధ్య స్లైడర్లన్నీ చేత్తోనే మార్చుకోవాలి.