పీవీ అంటే 1991 బడ్జెట్ ఒక్కటే అనుకునేవాళ్ల కోసం

మొన్న జూన్ 28న హనుమకొండలో ఒక పీవీ జయంతి సభకు వెళ్లాను. రెండు గంటలకు పైగా కూర్చున్నాను. మాట్లాడిన పెద్దలందరూ నాలుగే విషయాలు తిప్పి తిప్పి చెప్పారు. ఆర్థిక సంస్కరణలు, ఆయనకు వచ్చిన భాషలు, 2004లో ఢిల్లీలో ఆయన భౌతికకాయానికి జరిగిన అవమానం, 2024లో ప్రకటించిన భారతరత్న. ఐదేళ్లు ప్రధానిగా ఉండి ప్రపంచంతో ఆయన ఎట్లా వ్యవహరించారో ఒక్కరూ ఎత్తలేదు. మరుసటి రోజు క్లాసులో పిల్లల్ని అడిగాను. గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లలే. "పీవీ అంటే ఎల్‌పీజీ కదా సార్" అన్నారు, అంటే సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ. లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన మనిషి గురించి ఓరుగల్లు పిల్లలకు తెలిసింది ఇంతే అంటే నాకు బాధేసింది. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. 1984 ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే హనుమకొండలో పీవీ ఓడిపోయారు. బీజేపీ నుంచి చందుపట్ల జంగారెడ్డి గెలిచారు. ఆ పార్టీకి దేశం మొత్తంలో వచ్చినవి రెండు సీట్లు, అందులో ఒకటి మనది. మా బాపు కూడా ఆ రోజు పీవీకి వ్యతిరేకంగానే ఓటు వేశాడు. "ఆయన ఎప్పుడు జూసినా ఫారిన్‌లనే ఉంటడు, మన బాయిల నీళ్లున్నయో లేవో ఆయనకేం ఎరుక" అనేవాడు. పీవీ అంతకుముందు నాలుగేళ్లు ఇందిరాగాంధీ దగ్గర విదేశాంగ మంత్రి. మా బాపు మాటలో తప్పు లేదు, ఎంపీ ఊళ్లో కనబడకపోతే రైతుకు కోపం వస్తుంది. కానీ ఆ ఫారిన్ తిరుగుడే ఏడేళ్ల తర్వాత దేశానికి అక్కరకొచ్చింది. నా మాటంతా ఇదే.

1991 జూన్ 21న ఆయన ప్రమాణం చేసినప్పుడు పరిస్థితి ఏమిటో గుర్తు తెచ్చుకోండి. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. జూలైలో 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఈ కథ అందరికీ తెలుసు. తెలియనిది దాని పక్కనే నడిచిన రెండో కథ. అదే ఏడాది డిసెంబర్‌లో సోవియట్ యూనియన్ అనే దేశమే లేకుండా పోయింది. మన సైన్యం దగ్గరున్న ఆయుధాల్లో ఎక్కువ భాగం అక్కడివి. వాటి స్పేర్ పార్ట్స్ అక్కడి నుంచే రావాలి. రూపాయి-రూబుల్ లెక్కల్లో నడిచే వ్యాపారం అక్కడితోనే. భద్రతా మండలిలో కశ్మీర్ మాట వస్తే మన కోసం వీటో వేసేది వాళ్లే. ఇంట్లో డబ్బు లేని రోజునే ఆపదకు ఆదుకునే పెద్ద చుట్టం కూడా పోయినట్టు అన్నమాట.

ఇంకొకరైతే ఆ భయంలో అమెరికా పంచన చేరిపోయేవారు, లేదంటే పాత పాటే పాడుతూ మూలన కూర్చునేవారు. పీవీ ఒక్కో తలుపూ మెల్లగా తట్టుకుంటూ పోయారు. ఆయన పని తీరు ఎక్కువ బాగా కనబడేది ఇజ్రాయెల్ విషయంలో.

ఇజ్రాయెల్‌ను మనం 1950లోనే గుర్తించాం. బొంబాయిలో వాళ్ల కాన్సులేట్ కూడా ఉండేది. కానీ నలభై ఏళ్లు రాయబారులు లేరు. అరబ్ దేశాలకు కోపం వస్తుందని, ఇక్కడ ముస్లింలు నొచ్చుకుంటారని. పీవీకి ఆ తలుపు తీయాలని ఉంది. ముందు పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్‌ను ఢిల్లీకి పిలిపించారు. 1992 జనవరిలో ఆయన వచ్చారు, మాట్లాడుకున్నారు. రాయబారుల మార్పిడి భారతదేశం సొంత నిర్ణయం, అందులో తాను జోక్యం చేసుకోనని అరాఫతే విలేకరుల ముందు అన్నారు. కొద్ది రోజులకే, జనవరి 29న, ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాల ప్రకటన వచ్చింది. పాలస్తీనా నాయకుడే అభ్యంతరం లేదన్న తర్వాత రియాద్‌లోనో కువైట్‌లోనో ఎవరు అరవగలరు?

ఇది మనకెందుకు అంటారా? మా అమ్మమ్మ వాళ్లది జగిత్యాల వైపు. మా దగ్గర గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయ్ పోయినట్టే. అప్పటికి మా చిన్న మేనమామ అక్కడే ఉన్నాడు. 1990లో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం కువైట్ మీద పడ్డప్పుడు లక్షన్నరకు పైగా మనవాళ్లు పెట్టే బేడా వదిలేసి విమానాలెక్కి వచ్చారు. ఆ భయం ఇంకా చల్లారలేదు. అరబ్ దేశాలకు మన మీద కోపం వస్తే ముందు కొలువు పోయేది కరీంనగర్, నిజామాబాద్ పిల్లలదే. ఇజ్రాయెల్ నిర్ణయం వచ్చిన తర్వాత కూడా మా మేనమామ జీతం నెలనెలా వచ్చింది, అమ్మమ్మ ఇంటి పైకప్పు పడింది. ఆ పైకప్పు వెనక ఢిల్లీలో ఎంత జాగ్రత్త పడ్డారో మా అమ్మమ్మకు తెలియదు. నాకూ ఈ పాఠం చెప్పడం మొదలుపెట్టాకే అర్థమైంది.

ఇప్పుడు జెనీవా సంగతి. నాకు ఇష్టమైన భాగం ఇదే.

1994 మొదట్లో కశ్మీర్‌లో మానవ హక్కుల మీద జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో పాకిస్తాన్ తీర్మానం పెట్టింది. ఇస్లామిక్ దేశాల సంస్థ వాళ్ల వెనక ఉంది. బాబ్రీ మసీదు కూలి అప్పటికి పదిహేను నెలలు కూడా కాలేదు. ముస్లిం దేశాల్లో మన మాటకు విలువ పడిపోయిన కాలం. కశ్మీర్ ఏ పత్రాలతో మన దేశంలో కలిసిందో వాటినే అంతకు కొద్ది నెలల ముందు అమెరికా విదేశాంగ అధికారి రాబిన్ రాఫెల్ ప్రశ్నించారు. పీవీ ఏం చేశారు? జెనీవా వెళ్లే బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని పంపారు. పక్కన విదేశాంగ సహాయ మంత్రి సల్మాన్ ఖుర్షీద్, కశ్మీర్ నాయకుడు ఫరూక్ అబ్దుల్లా. అంతకు ముందే ఫిబ్రవరి 22న జమ్మూ కశ్మీర్ భారత్‌లో అంతర్భాగమని పార్లమెంటు ఏకగ్రీవంగా తీర్మానించింది. దేశమంతా ఒక్కమాట మీద ఉందని ప్రపంచానికి చూపించడానికి అంతకంటే మంచి దారి ఉందా? పార్లమెంటులో తనను రోజూ దుమ్మెత్తిపోసే పార్టీ నేతను నమ్మి దేశం తరఫున పంపడానికి ఎంత గుండె కావాలి!

ఇంకో పని గుట్టుగా జరిగింది. విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్ అప్పటికి పక్షవాతంతో ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన ఆ మంచం మీది నుంచి లేచి పీవీ ఉత్తరం పట్టుకుని ఇరాన్ అధ్యక్షుడు రఫ్సంజానీ దగ్గరికి టెహ్రాన్ వెళ్లారు. ఇస్లామిక్ దేశాల్లో ఇరాన్ పక్కకు జరిగితే తీర్మానం నిలబడదని పీవీ లెక్క. ఆ లెక్క తప్పలేదు. మార్చి 9న పాకిస్తాన్ తన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంది. ఓటింగ్ దాకా పోలేదు.

ఆ ఉత్తరం పనిచేయడానికి పునాది ఆరు నెలల ముందే పడింది. 1993 సెప్టెంబర్ చూడండి. ఒక్క నెలలో పీవీ చైనా, దక్షిణ కొరియా, ఇరాన్ మూడూ వెళ్లారు. 1979 ఇస్లామిక్ విప్లవం తర్వాత ఇరాన్ గడ్డ మీద కాలు పెట్టిన మొదటి భారత ప్రధాని ఆయనే. కొరియా పర్యటన, ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) దేశాలతో దోస్తీ, సింగపూర్, వియత్నాం, ఇవన్నీ కలిపి 'లుక్ ఈస్ట్', అంటే తూర్పు వైపు చూపు అంటున్నాం. 1992లో ఆసియాన్‌తో కొన్ని రంగాలకే పరిమితమైన చిన్న భాగస్వామ్యం దొరికింది, 1995కి అది పూర్తి స్థాయికి పెరిగింది. మన ఇళ్లల్లో ఇప్పుడున్న కొరియా టీవీలు, వాషింగ్ మెషీన్లు, రోడ్ల మీది కార్లు ఆ తర్వాతి ఏళ్లలోనే వచ్చాయి.

చైనా మాట కాస్త ఎక్కువే మాట్లాడాలి, ఎందుకంటే ఈ మధ్య దీని మీద పీవీని తిట్టే పోస్టులు బాగా కనబడుతున్నాయి. 1993 సెప్టెంబర్ 7న వాస్తవాధీన రేఖ (రెండు సైన్యాల మధ్య ఇప్పుడున్న సరిహద్దు గీత) వెంబడి శాంతి కాపాడుకోవాలని రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. బలప్రయోగం వద్దు, సరిహద్దులో సైన్యం తగ్గించుకుందాం, తగాదా వస్తే మాట్లాడుకుందాం అని. 1962 తర్వాత సరిహద్దు గురించి కాగితం మీద పెట్టుకున్న అంత గట్టి మాట అదే మొదటిది. 2020 జూన్‌లో గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో కలిపి 20 మంది జవాన్లు అమరులయ్యారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు. "ఆ ఒప్పందం వల్లే మన సైనికుల చేతులు కట్టేసినట్టయింది" అని కొందరంటారు. ఆ కోపం నాకు తెలుసు. కానీ 1975 తర్వాత 45 ఏళ్లు ఆ సరిహద్దు గొడవల్లో ఒక్క జవానూ ప్రాణం పోగొట్టుకోలేదు. అందులో 27 ఏళ్లు ఈ ఒప్పందం నీడలో గడిచినవే. ఒప్పందాన్ని కాలరాసింది చైనా. మాట తప్పినవాణ్ని వదిలేసి మాట రాయించుకున్నవాణ్ని తిట్టడం న్యాయమేనా?

పీవీ చేసినవన్నీ ఒప్పులే అని నేను అనను. 1991 ఆగస్టులో మాస్కోలో సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ మీద కుట్ర జరిగినప్పుడు, మార్పుల కోసం తొందరపడేవాళ్లకు అది పాఠమన్నట్టు మాట్లాడారు. ఆ కుట్ర మూడు రోజులకే వీగిపోయింది. అంత ఆచితూచి మాట్లాడే మనిషికి అది తగని తొందర. ఇక 1992 డిసెంబర్ 6, బాబ్రీ మసీదు కూలిన రోజు. దాని వల్ల దేశంలో ఎన్ని ప్రాణాలు పోయాయో, ఎందరి నమ్మకం విరిగిపోయిందో అందరికీ తెలుసు, బయట కూడా మన పరువు పోయింది. ఆ రోజు ఆయన చేయగలిగింది చేయలేదన్నది నా గట్టి అభిప్రాయం. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఆ మాట మింగలేను.

అమెరికాకు మాత్రం ఆయన లొంగిపోయారనేవాళ్లతో ఒప్పుకోను. 1992 మేలో అమెరికా ఇస్రో మీద ఆంక్షలు పెట్టింది. ఆ ఒత్తిడికి మరుసటి ఏడాది రష్యా కూడా తలొగ్గి, రాకెట్లకు కావలసిన క్రయోజెనిక్ ఇంజిన్లు ఇస్తాను గానీ పరిజ్ఞానం ఇవ్వనంది. ఇది ఎదురుదెబ్బే. అయినా 1994 మేలో అదే అమెరికా కాంగ్రెస్ ఉభయ సభల ముందు నిలబడి మాట్లాడి వచ్చారు. మరుసటి ఏడాది అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని శాశ్వతం చేస్తే మన దేశం సంతకం పెట్టలేదు. 1995 డిసెంబర్‌లో పోఖ్రాన్‌లో అణు పరీక్షకు ఏర్పాట్లు జరుగుతుంటే అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, పరీక్ష ఆగింది. కానీ ఆ సత్తా చెక్కుచెదరలేదు. అణు కార్యక్రమంలో పీవీ పాత్ర ఏమిటో ఆయన పోయాక వాజ్‌పేయే బయటికి చెప్పారు. బతికున్నన్ని రోజులు పీవీ ఆ మాట తన నోటితో చెప్పుకోలేదు. ఆయన మౌనాన్ని చేతకానితనం అని కార్టూన్లు వేసినవాళ్లు ఈ ఒక్క సంగతైనా తెలుసుకోవాలి.

మా బాపు 1994లో ఒక పొద్దున చాయ్ తాగుతూ పేపర్లో అమెరికా కాంగ్రెస్‌లో మాట్లాడుతున్న పీవీ ఫొటో చాలాసేపు చూశాడు. "మన భీమదేవరపల్లి దిక్కు మనిషిరా" అన్నాడు నాతో. ఇంకేం అనలేదు. ఆ పేపర్ మడిచి దర్వాజ మీద అటకలో పెట్టాడు. ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే దొరికింది, నా దగ్గరే ఉంది.

వచ్చే సోమవారం సాయంత్రం క్లాసులో జెనీవా పాఠం చెబుతున్నాను. ఆ పేపర్ కూడా తీసుకొస్తా. సిలబస్‌లో ఉందా సార్ అని అడగకండి, వచ్చి వినండి.