గాలి తీయబడును

"ఇచ్చట వాహనములు నిలుపరాదు. నిలిపిన యెడల గాలి తీయబడును."

తెలుగులో కర్మణి ప్రయోగం సహజం కాదని, నోటి మాటల్లో ఎవరూ వాడరని వ్యాకరణం మాస్టర్లు చెబుతుంటారు. వాళ్లొకసారి కారేసుకుని కాకినాడ రామారావుపేట రావాలి. అక్కడ గేటుకో కర్మణి ప్రయోగం వేలాడుతూ ఉంటుంది. తీసేదెవరో చెప్పకపోవడంలోనే ఆ వాక్యం బలమంతా ఉంది. ఇంటాయన తీస్తాడా, వాచ్‌మన్ తీస్తాడా, లేక దైవికంగా దానంతటదే పోతుందా? మనకనవసరం. తీయబడును.

మొన్న మంగళవారం నేను ఆ వీధుల్లో ఏడున్నర గంటలు ఉన్నాను. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు, కొబ్బరి తోట తప్ప వేరే వ్యాపకం లేదు. అమ్మ మోకాలు చూపించాలని పొద్దున్నే బయల్దేరి, ఎదుర్లంక వంతెన దాటి, యానాంలో ట్యాంకు నింపించుకుని (పుదుచ్చేరి పన్నుల పుణ్యమా అని అక్కడ పెట్రోలు చౌక, చుట్టుపక్కల వాళ్లకి అదొక తీర్థం) తొమ్మిదింటికల్లా ఊళ్లో దిగాం. ఎముకల ఆసుపత్రి గుమ్మంలో దిగుతూ అమ్మ, "కారు పెట్టేసి రారా, ఈలోగా నేను చీటీ రాయిస్తాను" అంది. గుడి బయట చెప్పులు విడిచి రమ్మన్నంత తేలిగ్గా అనేసింది.

ఆసుపత్రికి పార్కింగ్ లేదంటే పాపం తగులుతుంది. ఉంది. బాణం గుర్తుతో బోర్డు కూడా పెట్టారు. ఆ బాణం వెంట వెళ్తే ముందు మందుల షాపు, దాని వెనక స్కానింగ్ గది, దాని వెనక జనరేటరు, జనరేటరు పక్కన డాక్టరు గారి కారు వచ్చాయి. తర్వాత గోడ వచ్చింది.

చట్టాన్ని గౌరవించే మనిషిని కనక చట్టం ఏమంటోందో చూశాను. 1989 నాటి రోడ్డు నియమాల్లో 15వది దీని గురించే. మెయిన్ రోడ్డు మీద ఆపకూడదు. జీబ్రా గీతల దగ్గర, బస్టాపు దగ్గర, బడి దగ్గర, ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆపకూడదు. ఆగి ఉన్న ఇంకో బండి పక్కన ఆపకూడదు, దానికి ఎదురుగానూ ఆపకూడదు, ఎవరి వాకిలికీ అడ్డం పెట్టకూడదు. 2017లో వీటిని తిరగరాశారు గానీ, కొత్తవాటిలోనూ నాకు దారి దొరకలేదు. ఇవన్నీ తీసేస్తే కాకినాడలో మిగిలేది సముద్రం. అందులోనూ ఓడలు ముందే వచ్చి లంగరేసుకుని ఉంటాయి.

బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసే విద్య మనకి పుట్టుకతో వస్తుంది కదా, ఆ విద్యే ఇళ్ల ముందు రోడ్డు మీద ఇంకా పెద్ద చదువులు చదివింది. ఒకరు ఇసుక బస్తా పెడతారు, ఒకరు కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ పెడతారు. వెనక వీధిలో నీలం గేటు ఇంటి ముందు చూసినది మాత్రం నన్ను కాసేపు నిలబెట్టేసింది. ఇరవై లీటర్ల పెయింటు డబ్బా నిండా సిమెంటు పోసి, మధ్యలో పీవీసీ పైపు పాతి, పైపు కొసకి ఎర్ర జరీ అంచు ముక్క కట్టారు. ఎవరి పెళ్లినాటి చీరో! డబ్బా మీద ఒక్క దుమ్ము మరక లేదు. రోజూ తుడుస్తున్నారన్నమాట. దాన్ని జరిపే ధైర్యం నాకు లేకపోయింది.

పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అప్పటికే లేచి వచ్చాడు.

"ఆయ్, ఇక్కడ కాదండి."

"ఐదు నిమిషాలేనండి."

"అందరూ అలాగే అంటారండి. మొన్నొకాయన ఐదు నిమిషాలని పెట్టేసి పెళ్లికెళ్లిపోయాడండి."

"మరెక్కడ పెట్టుకోమంటారు?"

"అలా ముందుకెళ్లి పెట్టుకోండి."

ముందుకెళ్తే అక్కడి వాచ్‌మన్ వెనక్కెళ్లి పెట్టుకోమన్నాడు. గోదావరి జిల్లాల మర్యాద గురించి ఊరూరా చెప్పుకుంటారు, అందులో అబద్ధమేమీ లేదు. ఇక్కడ గాలి తీసేవాడు కూడా "ఏమనుకోకండి" అనే తీస్తాడు.

మూడో చుట్టులో, గేరు మార్చే పని కూడా లేక, ఓ లెక్క వేశాను. కారు ఆగడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలంటారు. అంటే 15 గజాలు. మా వైపు భూమిని సెంట్లలో కొలుస్తాం. సెంటు 48 గజాల చిల్లర, అంటే సెంటుకు మూడు కార్లు. ఎకరంలో కొబ్బరి చెట్లు 70 పడతాయి, కార్లయితే 300 పడతాయి. కార్లకి తెల్లదోమ పట్టదు, దింపు తీసేవాళ్లని బతిమాలక్కర్లేదు, కాయ ధర పడిపోయిందని రాత్రిళ్లు నిద్ర మానుకోనక్కర్లేదు. నా తోటని చాపలా చుట్టి తెచ్చి రామారావుపేటలో పరిచే ఉపాయం ఎవరైనా చెబితే వాళ్లకి సగం వాటా ఇస్తాను.

2016 జనవరిలో కేంద్రం మొదటి విడతగా ప్రకటించిన 20 స్మార్ట్ సిటీల్లో కాకినాడ ఉంది. స్మార్ట్ అంటే ఏమిటో నాకు ఐదో చుట్టులో అర్థమైంది. ముందు కారు రివర్సు లైటు వెలగ్గానే వెనకాల మూతి పెట్టినవాడు స్మార్ట్. నేను కాదు.

చివరికి, కిలోమీటరు అవతల, పిచ్చిమొక్కల మధ్య ఓ ఖాళీ స్థలంలో కారు పెట్టాను. ఎక్కణ్ణించి వచ్చాడో ఒకతను వచ్చి యాభై రూపాయలన్నాడు. రసీదు లేదు. స్థలం ఎవరిదని అడిగాను.

"కోర్టులో ఉందండి."

ఈ పట్టణంలో మనిషి ఆగడానికి కాస్త చోటు మిగిల్చింది ఎవరయ్యా అంటే సివిల్ కోర్టు. ఆ అన్నదమ్ములెవరో గానీ రాజీ పడిపోయారంటే మర్నాడే అక్కడ ఐదంతస్తులు లేస్తాయి, గేటు మీద కర్మణి ప్రయోగం వెలుస్తుంది. వాళ్ల దావా పది కాలాలపాటు నడవాలని సర్పవరం భావనారాయణ స్వామికి మొక్కుకుని ఆసుపత్రి వైపు నడిచాను.

అమ్మది 43వ నంబరు. లోపల 6 నడుస్తోంది. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోబోతే నర్సమ్మ, "పేషెంట్లకండి" అంది. నిలబడితే దారికి అడ్డమంది. మందుల షాపు మెట్ల మీద కూర్చుంటే బేరం పోతుందన్నారు. ఏటీఎంలో చల్లగా ఉంది గానీ, కార్డు లేకుండా అక్కడ పది నిమిషాలున్న మనిషిని లోకం వేరేగా చూస్తుంది. మిగిలింది టీ బడ్డీ. పది రూపాయల టీకి బల్ల మీద పది నిమిషాలు చెల్లుతుంది, ఆ తర్వాత బడ్డీ అతను మన గ్లాసు తీసేసి గుడ్డతో బల్ల తుడుస్తాడు. ఏమీ అనడు, తుడుస్తాడు. అంటే గంటకి 60, నెలకి 43,200 రూపాయలు. ఆ అద్దెకి బల్లలో సగమే మనది, మిగతా సగం మీద వాళ్ల పాల క్యాను ఉంటుంది.

ఆగడం ఇంత నేరం ఎప్పుడైంది? వంతెన రాకముందు ఎదుర్లంక రేవులో పంటు కోసం గంటలకి గంటలు ఆగేవాళ్లం. ఇప్పటికీ కోటిపల్లి రేవులో ఆగుతారు. అక్కడ ఆగిన మనిషిని ఎందుకాగావని ఎవరూ అడగరు, గోదావరి అడ్డం ఉందని అందరికీ కనపడుతూనే ఉంటుంది. డాక్టరు గారు ఇంకా రాలేదన్నది అలా కళ్లకి కనపడే విషయం కాదు.

ప్రభుత్వం మాత్రం ఆగేవాళ్ల గురించి ఆలోచించడం లేదా? గోదావరి పుష్కరాలకి ఆలోచిస్తుంది. బళ్లకి చోటు, మనుషులకి పందిళ్లు, మంచినీళ్లు, అన్నీను. 12 ఏళ్లకోసారి, 12 రోజులు. 2015 జూలైలో అయ్యాయి, మళ్లీ 2027లో వస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాన్నిబట్టి ప్లాన్ చేసుకోవాలి.

మూడింటికి పది నిమిషాలుండగా ఆకలి గుర్తొచ్చింది. హోటల్లోకి వెళ్లేసరికి కుర్చీలు బల్లలెక్కి కూర్చున్నాయి, ఫినాయిలు వాసన.

"భోజనాలయిపోయాయండి."

"పోనీ టిఫిను?"

"నాలుగున్నరకండి."

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో పోయేదాకా వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టారు. ఎడ్వర్డ్ చక్రవర్తి ఆవిడ ఫోటో తెప్పించుకున్నాడని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సీమలో పుట్టి, మూడింటికీ నాలుగున్నరకీ మధ్య ఆకలేసినందుకు నేను క్షమాపణ చెప్పి బయటికొచ్చాను. మిఠాయి కొట్లో గొట్టం కాజాలు కనపడ్డాయి. గొట్టం కాజాని కొసన చిన్నగా కొరికి ముందు పాకం పీల్చుకోవాలి. ఆకలి మీదున్నవాడు నడిమికి కొరుకుతాడు. పాకం చొక్కా జేబులోకి, అక్కణ్ణించి ఆసుపత్రి చీటీ మీదికి దిగింది.

చీటీ నాకుతూ వెనక్కి వస్తే అమ్మ కుర్చీలో లేదు. టెన్షన్ పట్టుకుంది. ఫోన్ చేశాను.

"ఇంకా 31 దగ్గరే ఉన్నార్రా. వెనక వీధిలో నీలం గేటు ఇంట్లో ఉన్నాను, రా. తిన్నావా?"

ఆ డబ్బా ఇల్లే! అమ్మ మంచినీళ్లకని వెళ్లిందట. ఏ ఊరండీ అంటే ఏ ఊరండీ అనుకున్నారట. ఆ ఇంటావిడ పుట్టిల్లు మా వైపు అంబాజీపేట, ఇంకేముంది! నేను వెళ్లేసరికి అమ్మ వరండాలో కాళ్లు చాపుకుని మజ్జిగ తాగుతోంది. నాక్కూడా విస్తరేశారు. బీరకాయ పాలుపోసిన కూర, ఆవకాయ. ఇంటాయన రిటైరైన మనిషి, వద్దంటున్నా నెయ్యి వేస్తున్నాడు.

చెయ్యి కడుక్కుంటూ ఉండబట్టలేక అడిగాను. "బాబాయ్ గారూ, మరి మీ కారు ఎక్కడ పెడతారండీ?"

"లోపల పట్టదు కదండీ. అవతల సందులో ఎవరిదో గేటు ఉంది, దాని ముందు పెడతాను."

"మీ గేటు ముందే పెట్టుకోవచ్చుగా?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఇక్కడ పెడితే గేటుకి అడ్డమైపోదాండీ?"

"మరి ఆ సందులో వాళ్లేమీ అనలేదాండీ?"

"అనలేదండి," అన్నాడు నెయ్యి గిన్నె మూత పెడుతూ. "రెండుసార్లు తీయబడింది."