ఓటముల గడిలోని సున్నా గారికి పరామర్శ లేఖ

చిరునామా: జపాన్ ఫైటర్ నసుకావా తెన్షిన్ కిక్‌బాక్సింగ్ రికార్డు, గెలుపులు 42 అని రాసిన గడికి పక్క గడి.

సున్నా గారూ,

మీ తమ్ముడు, అదే తెన్షిన్ బాక్సింగ్ రికార్డులో ఉండే చిన్న సున్నా, 2025 నవంబరు 24న టోక్యోలో పోయాడని తెలిసి రాస్తున్నాను. ఏడు ఫైట్లే ఆయుష్షు. మీకేం, గుండ్రాయిలా ఉన్నారు.

మా చిన్నప్పుడు మీరు లెక్కల పేపరు మీద కనిపిస్తే వీపు విమానం మోత మోగేది. అక్కడ జపాన్‌లో ఒక కుర్రాడి పేరు పక్కన కనిపిస్తే జనం టికెట్లు కొనుక్కుని మరీ దణ్ణం పెట్టారు. దేనికైనా రాసిపెట్టి ఉండాలి లెండి.

ఆ కుర్రాడి సంగతి మీకు గుర్తుందో లేదో. చిబా వైపు పిల్లాడు, ఐదేళ్ళకే కరాటేలో చేరాడు. 2014లో, పదిహేనేళ్ళ వయసులో, కరాటే బట్టలు తీసేసి గ్లవ్స్ తొడుక్కుని ప్రొఫెషనల్ అయ్యాడు. బట్టలు మారాయి గానీ కరాటే వదల్లేదు. కరాటే వాళ్ళు ‘దోమవాషి’ అనే తన్ను ఒకటి ఉంది. మనిషి పల్టీ కొట్టబోతున్నట్టు ముందుకు ఒరుగుతాడు, ఒళ్ళంతా గాల్లో చక్రంలా తిరుగుతుంది, ఎదుటివాడు ‘వీడేంటి, జారి పడుతున్నాడా’ అనుకునేలోపు మడమ వచ్చి తల మీద వాలుతుంది. తగలకపోతే తన్నినవాడే నేల మీద వెల్లకిలా. 2019లో అర్జెంటీనా నుంచి వచ్చిన ఫెడెరికో రోమాని తెన్షిన్ ఈ తన్నుతోనే పడుకోబెట్టాడు. కష్టం తెన్షిన్‌ది. మర్నాడు అందరూ రాసింది మాత్రం మీ గురించి: ‘ఇంకా సున్నాయే!’

2018 జూన్‌లో థాయ్‌లాండ్ ఫైటర్ రోడ్‌టాంగ్ వచ్చినప్పుడు మీ ప్రాణం గొంతులోకి రాలేదూ? ఎన్ని గుద్దులు తిన్నా ఇంకోటి వెయ్యమన్నట్టు మీద మీదకొచ్చే మనిషి. ఐదు రౌండ్లయినా తేలలేదు. ఆరో రౌండు పెట్టి జడ్జీలు తెన్షిన్‌కి ఇచ్చారు. అది న్యాయమేనా అని అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు. మీరు మాత్రం గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు.

అసలు నేను అడగాలనుకున్నది ఆ ఏడాది డిసెంబరు 31 గురించి. సైతామా సూపర్ అరీనా. ఎదురుగా అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్, 50 గెలుపులు, పక్కన మీ చుట్టమే. బరువులో ఆయన పైచేయి, రూల్సు బాక్సింగువి, తన్నడం నిషేధం. కరాటేలో పెరిగినవాణ్ణి కాళ్ళు కట్టేసి దించారన్నమాట. మొదటి రౌండు కూడా పూర్తవకుండానే మూడుసార్లు పడ్డాడు. లేచాడు గానీ కాళ్ళు రెండూ రెండు వేర్వేరు మనుషులవైనట్టు తడబడ్డాయి. కార్నర్‌లో ఉన్న అతని మనుషులే ఫైట్ ఆపించేశారు. ఇరవయ్యేళ్ళ కుర్రాడు రింగులోనే ఏడ్చేశాడు.

అప్పుడు మీరేం చేశారు? ‘ఇది ఎగ్జిబిషను, లెక్కలోకి రాదు’ అన్నారు. మా తెలుగులో అరసున్న అని ఒకటుంది, మీ దూరపు బంధువు. పాత పుస్తకాల్లో అచ్చవుతుంది, నోటితో ఎవరూ పలకరు. ఆ రాత్రిని మీరు అచ్చంగా అరసున్న చేసేశారు. కోట్ల మంది చూశారు, రికార్డు మాత్రం పలకదు.

ఇక టకేరు వ్యవహారం. ఆయనా కరాటే నుంచి వచ్చినవాడే, కె-1 అనే కిక్‌బాక్సింగ్ సంస్థ ముద్దుబిడ్డ. తెన్షిన్ 2015లోనే సై అన్నాడు. కె-1 ఒప్పందం ప్రకారం టకేరు బయటివాళ్ళతో ఆడకూడదు. ఇద్దరూ ఒకే దేశంలో ఉండి ఏడేళ్ళు ఎదురుపడలేదు. మా వైపు పెళ్ళి సంబంధాలు కూడా ఇంతకంటే త్వరగా తేలతాయి. కుదిరాక కూడా బేరాలే: ముందురోజు తూకం 58 కేజీలు, ఫైట్ రోజున 62 దాటకూడదు. టీవీలో చూపిస్తామన్న ఛానెల్ మూడు వారాల ముందు తప్పుకుంది. అయినా 2022 జూన్ 19న టోక్యో డోమ్‌కి 56,399 మంది వచ్చారు. మొదటి రౌండు చివర్లో తెన్షిన్ ఎడమ హుక్‌కి టకేరు కింద పడ్డాడు. చివరికి ఐదుగురు జడ్జీలూ తెన్షిన్ వైపే.

టకేరు గడిలో అప్పటికే ఒకటి ఉండేది, కెరీర్ మొదట్లోనే పడిన ఓటమి. ఒకటి పడ్డాక కూడా మనిషి బతికాడు, పైగా అంత పెద్దవాడయ్యాడు. ఈ రహస్యం మీరు తెన్షిన్‌కి ఎందుకు చెప్పలేదు?

42 దగ్గర అతను కిక్‌బాక్సింగు మానేశాడు. 2023 ఏప్రిల్‌లో బాక్సింగులో ఆరు రౌండ్ల ఫైట్‌తో మళ్ళీ ఓనమాలు. కాళ్ళకి శాశ్వతంగా సెలవు. అక్కడే మీ తమ్ముడు పుట్టాడు. 2025 నవంబరులో, ఖాళీగా ఉన్న డబ్ల్యూబీసీ బాంటమ్‌వెయిట్ బెల్టు, అంటే ఆ బరువు తరగతి ప్రపంచ టైటిల్ కోసం, జపాన్ బాక్సరే అయిన ఇనౌయె టకుమతో పన్నెండు రౌండ్లు ఆడితే జడ్జీలు ముగ్గురూ టకుమకే వేశారు. ఈసారి ఎగ్జిబిషన్ అనడానికి లేకపోయింది. తమ్ముడి గడిలో ఇప్పుడు ఒక సన్నటి ఒకటి నిలబడి ఉంది. ఎవరితోనైనా ఫైట్ ఒప్పుకునే ముందు తెన్షిన్ ఇక ఏ సున్నా అనుమతీ అడగక్కర్లేదు.

మీ గడి జోలికి ఎవరూ రారు. తాళం కూడా అక్కర్లేదు. లోపలి మనిషి 2022లోనే ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

ఇట్లు,
లెక్కల్లో మిమ్మల్ని బాగా ఎరిగిన ఒక పాత విద్యార్థి