ఇరవై యూరోల ఎండ

గ్రీసు దీవుల క్రూజ్ నుంచి ఇంగ్లండ్‌లో ఇంటికొచ్చిన మూడో రోజున మన సంఘం వాట్సాప్ గ్రూపులో రచ్చ మొదలైంది. సాంటొరిని దీవిలో దిగినందుకు తలకు 20 యూరోల పన్నట, నలుగురున్న ఇంటికి 80 అట, ఇది దోపిడీ కాక ఇంకేమిటట. తెల్లారేసరికి నూటికి పైగా మెసేజ్‌లు. కోప్పడినవాళ్ళలో ఓడ మీద డ్రింక్స్ ప్యాకేజీకి రోజూ అంతకు రెండింతలు కట్టినవాళ్ళు కూడా ఉన్నారు. పేర్లు రాయను, వాళ్ళూ ఈ పత్రిక చదువుతారు.

నా గొడవ వేరు. ఆ డబ్బు ఎక్కువేమీ కాదు. ఆ డబ్బు పెట్టి మనం కొనుక్కున్న సరుకే తప్పు. ఆ దీవిలో బుద్ధున్నవాడెవడూ బయట తిరగని ఏడు గంటలు కొనుక్కున్నాం.

ముందు పన్ను సంగతి. 2025 జులైలో మొదలుపెట్టారు. సాంటొరిని, మికొనోస్ దీవుల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా 20 యూరోలు, ఏప్రిల్, మే, అక్టోబరు నెలల్లో 12, చలికాలంలో 4. సాంటొరినిలో కాపురముండేది పదిహేను వేల మంది చిల్లర. 2023లో ఓడల మీద వచ్చినవాళ్ళు సుమారు 13 లక్షలు. 2024 జులైలో ఒక్కరోజే పదివేలకు పైగా జనం దిగుతుంటే, ఆ రోజు బయట తిరగడం తగ్గించుకోండని ఊరివాళ్ళకే చెప్పాడు అక్కడి స్థానిక ప్రతినిధి ఒకాయన. మా ఊళ్ళో మేం తిరగకూడదా అని జనం ఆయన్ని దులిపేశారు. ఆ మరుసటి ఏడాది నుంచి ఓడల మీద వచ్చేవాళ్ళు రోజుకు 8 వేలు దాటకూడదని పరిమితి. తిరునాళ్ళు ఏడాదికొకసారి వస్తే సంబరం. రోజూ వస్తే ఎవరికి సంబరం?

మేం ఇరవై ఇద్దరం. ఈ దీవిలో క్రూజ్ ఓడ రేవుకు ఆనదు. పేలి కుంగిపోయిన అగ్నిపర్వతంలోకి సముద్రం వచ్చి నిండిన చోటది, లోతు దగ్గర దగ్గర నాలుగు వందల మీటర్లు. ఓడ నడిమధ్య ఆగుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు తెస్తారు. ఫిరా అనే ఊరు కొండ కొమ్మున ఉంటుంది. పైకి చేరాలంటే మెట్లు, కంచర గాడిదలు, కేబుల్ కారు. పద్దెనిమిది మంది ఇయాకు వెళ్ళారు. ఇంగ్లిష్‌లో ఓయా అని రాసి ఇయా అని పలికే ఊరు, నీలం గుమ్మటాల ఫొటోలు చాలావరకు అక్కడివే. మా పిన్నికి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఆవిడ, బాబాయి, నేను, మా ఆవిడ ఫిరాలో లోకల్ బస్సెక్కి దక్షిణాన ఉన్న అక్రోతిరికి బయల్దేరాం. గొప్ప ఆలోచనేం కాదు, మోకాళ్ళ పుణ్యం.

బాబాయి ఒంగోలు మనిషి, నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాడు. బస్సు కదిలిన రెండు నిమిషాలకే అడిగాడు, "ఏరా, వీళ్ళకి నీళ్ళెక్కడివి?"

ఆ ప్రశ్న నాకు అంతకుముందు తట్టలేదు. ఏరు లేదు. ఏడాదికి కురిసే వాన మన అనంతపురం కంటే తక్కువ, ఎండాకాలం మూడు నెలల్లో చినుకు పడటమే అరుదు. పాత ఇళ్ళలో కప్పు మీద పడిన వాననీళ్ళను ఇంటి కిందున్న తొట్టెలోకి దింపి ఏడాదంతా పొదుపుగా వాడుకునేవాళ్ళు. ఇప్పుడు సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసే ప్లాంట్లున్నాయి, వాటికి కరెంటు కావాలి. మనలాంటి వేలమంది దిగి చేతులు కడుక్కున్న ప్రతిసారీ ఆ బిల్లు పెరుగుతుంది. ఇది విన్నాక బాబాయి 20 యూరోల గురించి మళ్ళీ మాట్లాడలేదు.

దారి పొడుగునా పొలాల్లో ఎవరో చుట్టకుదుర్లు చేసి నేల మీద వదిలేసినట్టు కనిపించాయి. అవి ద్రాక్ష మొక్కలు! పందిరి లేదు, కట్టె లేదు. తీగను గుండ్రంగా అల్లుకుంటూ పోయి బుట్టలా చేస్తారు, గుత్తులు ఆ బుట్ట లోపల కాస్తాయి. బయట గాలి కోసేస్తుంటే, ఎండ మాడ్చేస్తుంటే, కాయ తన ఆకుల నీడలోనే ఉంటుంది. రాత్రిపూట సముద్రం మీదుగా వచ్చే చెమ్మను ఆ బూడిద నేల పట్టి ఉంచుతుంది. ఆ నేలలోనే చిన్న టమాటాలు కూడా నీళ్ళు కట్టకుండా పండిస్తారు. తీగ అంటే పైకి పాకాలని అనుకునే మనకు, నేలకు అణిగి బతికే తీగ వింతే. బాబాయి బస్సు దిగి చూస్తానన్నాడు, పిన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

అక్రోతిరి క్రీస్తుకు పూర్వం సుమారు 1600 ప్రాంతంలో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన పట్నం. 1967లో గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త స్పిరిదోన్ మరినాతోస్ తవ్వకం మొదలుపెట్టాడు. రెండు మూడు అంతస్తుల ఇళ్ళు, వీధి కింద మురుగు కాలువ, వరసగా పెద్ద పెద్ద జాడీలు. మనిషి ఎముకలు మాత్రం దొరకలేదు. ముందే ప్రమాదం పసిగట్టి వెళ్ళిపోయారంటారు. అంతా పెద్ద కప్పు కింద ఉంటుంది. బయట నిప్పులు చెరుగుతుంటే లోపల నీడలో గంటన్నర తిరిగాం, పిన్ని ఒక్కసారి కూడా కూర్చుందామనలేదు.

బయటికొచ్చాక భోజనంలో ఫావా పెట్టారు. పసుపుపచ్చటి పప్పును మెత్తగా ఉడకబెట్టి, పైన ఉల్లిపాయ ముక్కలు, ఆలివ్ నూనె. "ముద్దపప్పే కదే ఇది, నెయ్యి లేకపోవడమే తక్కువ" అంది పిన్ని మా ఆవిడతో. ఆ పప్పు గింజలు అక్రోతిరి తవ్వకాల్లోనూ దొరికాయి. మూడున్నర వేల ఏళ్ళుగా అదే పప్పు! ఓడ మీద బఫేలో వారం రోజులుగా వెతుక్కున్నది ఇక్కడ పళ్ళెంలోకొచ్చింది.

తిరిగి ఫిరా చేరి మ్యూజియంలో దూరాం, ఏసీ కోసమే అని ఒప్పుకుంటాను. అక్రోతిరి గోడ మీది నీలం కోతుల బొమ్మ అక్కడుంది. బాబాయి చూడగానే "కొండముచ్చులురా" అన్నాడు. నేను నవ్వాను. తర్వాత చదివితే, తోక ఎత్తి పట్టిన తీరు చూసి అవి మన దేశపు కొండముచ్చులేనని కొందరు పరిశోధకులు కూడా అన్నారట. అందరూ ఒప్పుకున్న మాట కాదు. అయినా బాబాయికి చెప్పాను, ఆ రాత్రి ఓడలో అందరికీ ఆయనే చెప్పుకున్నాడు.

మూడున్నరకు కేబుల్ కారు క్యూలో ఇయా వెళ్ళిన మనవాళ్ళు కలిశారు. మొహాలు చూస్తే కందగడ్డలు. ఒక గుమ్మటం ఫొటో కోసం నలభై నిమిషాలు లైన్లో నిలబడ్డారట. ఆ తెల్లటి సున్నం గోడలు ఇంటిని చల్లగా ఉంచడానికి కొట్టినవి, సందులో నిలబడ్డవాడికి ఆ ఎండనంతా మొహం మీదికే కొడతాయి. కొండలోకి తొలిచిన ఇళ్ళు ఒకప్పుడు ఓడల్లో కూలికి పోయేవాళ్ళవి, లోపల చల్లగా ఉంటాయి. ఇప్పుడు చాలావరకు హోటళ్ళు. లోపలికి పోవాలంటే గది తీసుకోవాలి. మనవాళ్ళు చూసింది బయటి గోడ.

క్యూ గంటా నలభై నిమిషాలు పట్టింది, చాలా దూరం నీడ లేదు. మనలో ఒక పెద్దావిడకు కళ్ళు తిరిగితే వెనకున్న ఎవరో తమ సీసాలో నీళ్ళు ఇచ్చారు. కుర్రాళ్ళు కొందరు "అలిపిరి మూడున్నర వేల మెట్లు ఎక్కినవాళ్ళం, ఈ ఆరు వందలు ఒక లెక్కా" అని దిగడం మొదలుపెట్టారు. అలిపిరి దారికి చాలావరకు కప్పుంది నాయనా, పైగా అక్కడ గాడిదల పేడ ఉండదు. ఆ జంతువుల మీద తమ బరువులో ఐదో వంతు దాటి, ఎలా చూసినా వంద కిలోలు దాటి, ఎక్కించకూడదని 2018లో గ్రీసు నిబంధన తెచ్చింది. నా మటుకు నాకు ఆ ఎండలో వాటి మీద ఎక్కకపోవడమే మర్యాద.

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం వీధిలో కనబడితే మనల్ని ఇంట్లో తిట్టేవాళ్ళు. బస్సు కిటికీలోంచి చూస్తే అక్కడి పల్లెల్లోనూ ఆ వేళకు తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఎండ తెలిసిన ఊళ్ళలో పుట్టి, పాతిక డిగ్రీలకే అల్లాడే ఇంగ్లండ్‌లో ఇన్నేళ్ళుండి, ఆ తెలివి పోగొట్టుకున్నామేమో. ఓడ టైమ్‌టేబుల్ రాసినవాడికి ఆ తెలివి ఉండదు, వాడి లెక్కలు వాడివి. మన సంఘం గ్రూప్ బుకింగ్ చేసేటప్పుడైనా ఉండాలి కదా.

పిల్లల సెలవులు జులైలోనే కదా అంటారు. నిజమే. మే హాఫ్‌టర్మ్, అంటే బడి మధ్యలో ఇచ్చే చిన్న సెలవుల్లో వెళ్దామంటే, పరీక్షలున్న పిల్లల ఇళ్ళు కుదరదంటాయి, అదీ నిజమే. అక్టోబరు హాఫ్‌టర్మ్ ఉంది. ఎండ తగ్గుతుంది, జనం పల్చబడతారు, పన్ను కూడా 12 యూరోలే. కాస్త వాన పడొచ్చు. ఆ దీవిలో వాన పడితే ఎవరికి కష్టం?

వచ్చే ఏడాది ప్రయాణానికి గ్రూపులో పోల్ పెట్టారు. ఇది రాసే సమయానికి జులై ఆఖరి వారానికి ముప్పై ఒక్క ఓట్లు, అక్టోబరుకు రెండు. నాదీ, మా ఆవిడదీ. బాబాయి ఒంగోలు నుంచి ఓటేస్తానన్నాడు గానీ, సభ్యత్వం లేదని మన కార్యదర్శి ఒప్పుకోలేదు.