జువ్వ మందు, రాకెట్ మోటారు: మావయ్యతో వాదన

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా మా ఇంట్లో మాట తెలుగే. అమెరికాలో చదువుకునే రోజుల్లో అక్కడి క్లబ్బుతో కలిసి మోడల్ రాకెట్లు ఎగరేసేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు ఒక మిడ్-పవర్ (మధ్యరకం శక్తి) రాకెట్ కిట్ తెచ్చాను. అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, రాకెట్‌ని తిన్నగా ఉంచడానికి వెనక అంటించే పల్చటి ప్లైవుడ్ ఫిన్లు, నైలాన్ పారాచూట్. మోటారు, అంటే రాకెట్‌ని లేపే మందు కూరిన గొట్టం, తేలేదు. పేలుడు సామాను విమానం ఎక్కనివ్వరు. వీధి పిల్లలతో కలిసి నెల రోజులు కూర్చుని కిట్ కట్టాం. మా మావయ్యది బాణాసంచా పని. లైసెన్సు ఉంది, ముప్పయ్యేళ్ల అనుభవం ఉంది. సంక్రాంతికి తనే మందు కూరి మోటారు చేసిస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఆ రాత్రి అరుగు మీద జరిగిన వాదన ఇది. రాస్తున్నది నేనే కాబట్టి ఆయన మాటల్ని తగ్గించకుండా రాయాలని చూశాను.

మావయ్య: గొట్టం ఉంది, ముక్కు ఉంది, మందు నా దగ్గరుంది. ఇంకేం కావాలే అమ్మడూ?

మేనకోడలు: మందే కావాలి మావయ్యా. దీనికి సరిపడేది నీ దగ్గర లేదు.

మావయ్య: సూరేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు. మా తాత దంచింది ఇదే, నేను దంచేది ఇదే. జాతరలో మన జువ్వ లేస్తే ఊరంతా తలెత్తి చూస్తుంది. 1780లో పొల్లిలూరు దగ్గర మైసూరు వాళ్లు ఇంగ్లీషు సైన్యం మీద వేసిన రాకెట్లు ఏ అమెరికా ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి?

మేనకోడలు: వాటికి ఇనప గొట్టం. శత్రువు మీదికి వేసేదానికి అది సరే. పగిలితే ముక్కలు ఎగరాలనే కోరుకుంటారు. మన రాకెట్ చుట్టూ నిలబడేది పదేళ్ల పిల్లలు. అందుకే అమెరికా క్లబ్బుల నియమాల్లో ముక్కు, గొట్టం, ఫిన్లు లోహంతో చేయకూడదు. కాగితం, చెక్క, ప్లాస్టిక్ అంతే.

అమెరికా సంగతి ఎత్తావు కాబట్టి చెబుతాను. అక్కడా మొదట్లో పిల్లలు ఇళ్లలో మందు కలిపి వేళ్లు పోగొట్టుకున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 1957లో హ్యారీ స్టైన్ అనే క్షిపణుల ఇంజనీరు దీని మీద పత్రికలో రాశాడు. నెబ్రాస్కాలో ఆర్విల్ కార్లైల్ అని ఒకాయన ఉండేవాడు. చెప్పుల కొట్టు నడుపుతూ, బాణాసంచా అంటే ప్రాణం పెట్టేవాడు. ఆయన అది చదివి తను చేసిన చిన్న రాకెట్లు స్టైన్‌కి పంపించాడు. వాటిలో రాకెట్ వేరు, మోటారు వేరు. మోటారు ముందే తయారై వస్తుంది, ఒకసారి కాలాక తీసి పారేసి కొత్తది పెట్టుకోవాలి. తర్వాత వెర్న్ ఎస్టెస్ అనే కుర్రాడు ఆ మోటార్లు ఒత్తడానికి యంత్రం కట్టాడు. అతని ఇంటి వ్యాపారం ఏమిటో తెలుసా? బాణాసంచా. పిల్లాడి చేతిలోంచి మందు తీసేసింది నీలాంటి మందు తెలిసినవాళ్లే మావయ్యా, భయపడేవాళ్లు కాదు.

మావయ్య: నేను మాత్రం పిల్లల చేతికి మందిస్తానన్నానా? కూరేది నేను. వెలిగించేది నేను.

మేనకోడలు: దేనితో వెలిగిస్తావు?

మావయ్య: అగరొత్తితో. ఎప్పుడూ దానితోనే.

మేనకోడలు: అంటే చెయ్యి చాచినంత దూరంలో ఉంటావు. ఈ సైజు మోటారుకి ముప్పై అడుగుల వైరు వేసి, బ్యాటరీతో, తాళంచెవి పెట్టిన స్విచ్‌తో వెలిగించాలి. అంటుకోకపోతే తాళంచెవి లాగేసి నిమిషం ఆగాలి. ఆ నిమిషంలో ఎవరూ దగ్గరికి పోకూడదు.

మావయ్య: సరే, వైరే వేద్దాం. వైరు కట్టడం నాకు రాదా?

(ఇక్కడ నా దగ్గర జవాబు లేదు. ఆయనకి వచ్చు.)

మేనకోడలు: వెలిగించడం అయింది, మరి తోపు, అంటే రాకెట్‌ని పైకి నెట్టే బలం, దాని సంగతి? ఈ కిట్‌కి చెప్పిన మోటారు మీద ‘ఎఫ్ 50-6’ అని ఉంటుంది. ఎఫ్ అంటే సగటు తోపుని కాలే సెకన్లతో గుణిస్తే వచ్చే మొత్తం 40 నుంచి 80 న్యూటన్-సెకన్లు. ఒక్కో అక్షరం దాటితే అది రెట్టింపవుతుంది. 50 అంటే సగటు తోపు 50 న్యూటన్లు. 6 అంటే మందు కాలడం ఆగాక ఆరు సెకన్లకి లోపల చిన్న పేలుడు జరిగి పారాచూట్‌ని బయటికి తోస్తుంది. రాకెట్ బరువు అరకిలో అనుకో, అంటే దాదాపు 5 న్యూటన్లు. తోపు దానికి కనీసం ఐదు రెట్లు ఉండాలి. లేకపోతే మొదట్లో తిన్నగా నడిపించే ఊచని వదిలేసరికి వేగం చాలదు, గాలి ఎటు తోస్తే అటు వాలిపోతుంది. ఇప్పుడు చెప్పు, నీ మందు తోపు ఎంత? ఎన్ని సెకన్లకి పారాచూట్ విప్పుతుంది?

మావయ్య: నెంబరు చెప్పలేను. జువ్వ ఎంత ఎత్తు పోతుందో చెయ్యి చెబుతుంది. కర్ర కట్టి వేలి మీద ఆనించి చూస్తాం. మందు గొట్టానికి కొంచెం వెనక నిలిస్తే తిన్నగా పోతుంది. మీ పుస్తకంలో ఉందా ఇది?

మేనకోడలు: ఉంది. అక్షరాలా అదే ఉంది. బరువు నిలిచే చోటు ముందుండాలి, గాలి ఒత్తిడి పడే చోటు దాని వెనక కనీసం గొట్టం వెడల్పంత దూరంలో ఉండాలి. నీ కర్ర చేసే పనే ఇక్కడ ఫిన్ చేస్తుంది.

మావయ్య: ఫిన్ ఫిన్ అంటావేం? రెక్క అనడానికి నోరు తిరగదా?

మేనకోడలు: రెక్క ఎగరడానికి. ఇది ఎగరేయదు, తిన్నగా ఉంచుతుంది.

మావయ్య: అయితే తోక అను.

మేనకోడలు: తోక ఒకటే ఉంటుంది, ఇవి మూడు.

మావయ్య: గిడుగు రామమూర్తి గారు ఉన్న ఊరిది. జనం నోట్లో ఉన్న మాటే రాయాలని పోరాడాడు ఆయన. సవరల మాట నేర్చుకుని వాళ్లకి పుస్తకాలు రాశాడు. నువ్వు మన పిల్లలకి ఇంగ్లీషు ముక్క అంటగడుతున్నావు.

మేనకోడలు: జనం నోట్లో ఏ మాట ఉందో నువ్వే చెప్పు మరి.

మావయ్య: బాణానికి వెనక కట్టేదాన్ని ఏమంటారు? ఈక.

మేనకోడలు: ...ఈక. బాగుంది. రేపటినుంచి అదే అంటాను. కానీ మాట మార్చావు. తోపు సంగతి అలాగే ఉంది.

మావయ్య: మార్చలేదు. పద, చూద్దాం.

(పెరట్లోకి వెళ్లాం. మోటారు బరువు 85 గ్రాముల దగ్గర ఉంటుంది కాబట్టి ఆ స్థానంలో అంత ఇసుక మూట పెట్టి, రాకెట్ నిలిచే చోట దారం కట్టి తల చుట్టూ తిప్పాను. రెండో చుట్టుకే ముక్కు ముందుకి వచ్చి గాలిని కోసుకుంటూ తిరిగింది. తర్వాత మావయ్య గొట్టం పెట్టాం. దళసరి కాగితం, అడుగున బంకమన్ను, మందుకి బదులు ఇసుక, మొత్తం రెండు వందల గ్రాములు. నిలిచే చోటు వెనక్కి జరిగింది. దారం అక్కడికి మార్చి తిప్పాను. రాకెట్ ఊగిసలాడి, అడ్డం తిరిగి, చివరికి తోక ముందుకి పెట్టింది.)

మావయ్య: ముక్కులో బరువు వెయ్యి. తిన్నగా పోతుంది.

మేనకోడలు: పోతుంది. నువ్వన్నది నిజమే. కానీ అప్పుడు మొత్తం బరువు పెరుగుతుంది, ఇంకా తోపు కావాలి, ఇంకా మందు కూరాలి, వెనక మళ్లీ బరువు. ఆ ఫ్యాక్టరీ మోటారులో ఉండేది నీ సూరేకారం మందు కాదు, అమ్మోనియం పెర్‌క్లోరేట్‌ని రబ్బరులో కలిపి పోసింది. గ్రాముకి నీ మందు కంటే రెండు రెట్లు పైనే తోస్తుంది. అందుకే అది అంత తేలిక. నీ జువ్వ నీ కర్రకి సరిగ్గా సరిపోయింది మావయ్యా. ఈ గొట్టానికి కాదు. కర్ర జువ్వ పక్కకి పోతే గడ్డివాము అంటుకుంటుందేమో. అరకిలో గొట్టం పక్కకి పోతే?

మావయ్య: (చాలాసేపటికి) ఒప్పుకుంటాను. గుంపులోకి పోతే తప్పు నాదే అవుతుంది. ఇప్పుడు నా మాట విను. నీకు అక్కడ మైదానం ఉంది, క్లబ్బుంది, డబ్బు పెడితే మోటారు దొరికింది. ఈ పిల్లలకేముంది? 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనలు. క్వారీలో రాయి పేల్చే మందూ పిల్లాడి రాకెట్ మోటారూ అదే చట్టం కిందికి వస్తాయి. ఎవరికి అర్జీ పెట్టాలి, ఏమని పెట్టాలి? దీపావళికి వీధి వీధినా జువ్వలు అమ్ముతారు, ఎవరూ అడగరు. సైన్సు నేర్చుకుంటానంటే మాత్రం అడ్డు. నువ్వు కట్టించిన రాకెట్ గోడకి వేలాడుతుంది. ఆ రెండో వీధి పిల్ల రోజూ వచ్చి దాని ఈకలు తడిమి పోతోంది. దానికేం చెబుతావు? ఆగమంటావా? ఎన్నాళ్లు?

మేనకోడలు: తెలీదు.

మావయ్య: తెలీదంటే నన్ను ఆపడానికి వీల్లేదు కదా.

మేనకోడలు: ఆపుతాను. తెలీకపోయినా ఆపుతాను. ఆ పిల్ల రెండేళ్లు ఆగినా దాని వేళ్లు దానికుంటాయి. అయినా చేతులు ముడుచుకుని కూర్చోమనడం లేదు. నీళ్ల రాకెట్ ఉంది. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, సైకిల్ పంపుతో గాలి కొడితే లేస్తుంది. ఈకలు కావాలి, ముక్కు కావాలి, దారం కట్టి తిప్పి చూడాలి, పారాచూట్ మడత పెట్టాలి. ఈ కిట్‌లో నేర్చుకున్నదంతా దానికీ పనికొస్తుంది.

మావయ్య: అది నీళ్లే తల్లీ. మంట లేదు. మంట చూడాలనే వాళ్లు వస్తున్నారు.

మేనకోడలు: అది కూడా నిజమే.

మావయ్య: ఎక్కడ వేస్తావు?

మేనకోడలు: మహేంద్రతనయ ఇసుకలో. ఆదివారం పొద్దున్నే, గాలి లేవకముందే. నువ్వూ రావాలి.

మావయ్య: వస్తాను. పంపు ఎవరైనా కొట్టుకోండి. ఆ ముప్పై అడుగుల గీత మాత్రం నేను గీస్తాను. నేను చెప్పేదాకా ఒక్క పిల్ల అది దాటకూడదు.