మేడ మీది గోగు మొక్కకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ గోగాకు గారి సముఖమునకు,

నమస్కారములు. నిన్న మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంట మొదలుకొని సాయంత్రం ఐదున్నర దాకా తమరిని ఒళ్లో పెట్టుకొని పోలీసు స్టేషను బల్ల మీద కూర్చున్న మనిషిని నేనే. తమరు కుండీలో ఉన్నారు గనుక తమకు కాళ్లు లాగి ఉండవు. నాకు లాగాయి. ఆ నాలుగున్నర గంటల్లో తమరు నా పక్షాన ఒక్క సాక్ష్యమూ పలకలేదు సరి కదా, చూసిన ప్రతివారికీ నాకు వ్యతిరేకంగా ఆకులు విప్పి చూపిస్తూ కూర్చున్నారు. కాబట్టి ఈ లేఖ రాయక తప్పింది కాదు.

ముప్పై నాలుగేళ్లు ఉపఖజానా కార్యాలయంలో బిల్లులు సరిచూసినవాడికి మొక్కల సంగతి ఏం తెలుసునని తమరు అనవచ్చు. నిజమే, గింజ వేసి మొక్కను పెంచడం నాకు ఇదే మొదలు. మృగశిర కార్తె ప్రవేశించిన మర్నాడు ఇరవై రూపాయలిచ్చి ఒక పొట్లం కొన్నాను. పొట్లం మీద బెండకాయ బొమ్మ ఉంది. లోపలివి గోగు గింజలని దుకాణదారు నోటిమాటగా చెప్పాడు. బొమ్మకూ సరుకుకూ పొంతన లేదని అప్పుడే అభ్యంతరం రాసి తిప్పి ఇవ్వవలసిన నేను, ఉద్యోగ విరమణ తరువాత మనిషి కొంచెం మెత్తబడాలి గదా అనుకొని ఊరుకున్నాను. రాత్రంతా నానబెట్టి అర అంగుళం లోతున వేసిన మొదటి విడతను చీమలు మోసుకుపోయాయి. రెండో విడత మొలిచింది గాని, పూటపూటా నేను పోసిన నీటికి మొదలు కుళ్లి వరసగా పడిపోయింది. రంగు డబ్బాకు అడుగున చిల్లులు పెట్టాలనే సంగతిని వీడియోల్లో చెప్పే పెద్దమనుషులు పద్దెనిమిదో నిమిషంలో చెబుతారు. నేను పన్నెండో నిమిషంలో లేచి వెళ్లి నీళ్లు పోశాను. మూడో విడతలో ఐదు మొక్కలు దక్కాయి. శేషాచలం దిగివచ్చి తులసి కోటను కూడా వదలని కోతులు తమ జోలికి మాత్రం రాలేదు. అనుమానించవలసిన వారందరిలోనూ ముందు అనుమానించినవి అవేనేమో.

ఇవన్నీ చిల్లర ఖర్చుల కింద రాసుకున్నాను. తమ మీద నా అసలు అభ్యంతరం ఆకు గురించి.

తమ తొలి ఆకులు గుండ్రంగా, రావి ఆకులాగా, ఎవరికీ ఏ హానీ చేయని ఆకులు. వాటిని చూసి నేను మురిసిపోయి మా ఇంటావిడను మేడ మీదికి పిలిచి చూపించాను. నెల తిరిగేసరికి అదే మొక్క మూడు చీలికల ఆకు వేసింది. ఆ పైన ఐదు. కొసన ఏడు కూడా లెక్కపెట్టాను. సన్నగా, పొడుగ్గా, అంచు రంపపు పళ్లతో, అరచేయి చాచినట్టు. మా ఖజానాలో మొదటి బిల్లు మీద ఒక సంతకం, పదో బిల్లు మీద మరో సంతకం చేసిన అధికారి ఎంతటివాడైనా సరే, ‘నమూనా సంతకంతో సరిపోలలేదు’ అని ఎర్ర సిరాతో రాసి కాగితం తిప్పి పంపేవాళ్లం. తమరు ఒకే కాండం మీద నాలుగు రకాల సంతకాలు చేసి, ఆ నాలుగో సంతకాన్ని సరిగ్గా మేడ పిట్టగోడకు పైన, వీధిలో అందరికీ కనబడే ఎత్తున చేశారు. ఎదురింటి అబ్బాయికి కనబడింది ఆ నాలుగోదే. మత్తుమందుల సమాచారం చెప్పడానికి ప్రభుత్వం 1972 అనే నంబరు ఇచ్చింది. ఆ అబ్బాయి ఫోను చేశాడు. అతనిని నేను తప్పుపట్టను. అతను చూసినదే చెప్పాడు.

అన్నంలో పప్పు కలుపుకొంటున్న వేళకు ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. మర్యాదస్తులు, చెప్పులు మెట్ల కిందే విడిచారు. మేడ ఎక్కి తమరిని చూసి, సెల్లులోని బొమ్మను చూసి, మళ్లీ తమరిని చూసి, చివరికి నన్ను చూశారు. “ఈ వయసులో ఏంది సార్ ఇది?” అన్నాడు చిన్నవాడు. అంత బాధగా నన్ను మా నాన్న కూడా ఎప్పుడూ అడగలేదు. నాలుగు కుండీలను అక్కడే ఉంచి ఒకదానిని సాక్ష్యం కింద తీసుకొని, ఆటోలో నా ఒళ్లో పెట్టారు. వీధి మొత్తం చూసింది. శ్రావణ శుక్రవారం నాడు తాంబూలానికి మా ఇంటికి వచ్చిన వారందరూ చూశారు.

స్టేషనులో జరిగిన దానిలో నా తప్పు కూడా ఉందని ఒప్పుకొంటాను. రూల్సు పుస్తకంతో బతికినవాడిని గనుక, ఎస్.ఐ. గారితో వాదన అక్కడినుంచే మొదలుపెట్టాను. “అయ్యా, మాటవరసకు ఇది ఆ మొక్కే అనుకున్నా, 1985 నాటి మత్తుమందుల చట్టంలో గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొసలు మాత్రమే, కొసలు లేని ఉత్త ఆకు ఆ నిర్వచనంలోకి రాదు” అన్నాను. ఆయన రాస్తున్న కలం ఆపి, “చట్టం బాగానే చదివినట్టుండారే పెద్దాయనా” అన్నారు. ఆ పైన చాలా నిదానంగా, ఆకు సంగతి అటుంచి మొక్కను పెంచడమే నేరమనీ, దానికి పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయనీ, ఆ సెక్షను కూడా చదివి ఉంటే బాగుండేదనీ చెప్పారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నా పింఛను లెక్క, నా వయసు, పదేళ్లు, ఈ మూడూ కలిపి ఒక కూడిక నా తలలో తనంతట తానే జరిగిపోయింది.

గంజాయి ఆకులో రేకులు దేనికదిగా తొడిమ దాకా విడిపోయి ఉంటాయి. తమ ఆకులో చీలికలు ఎంత లోతైనా మొదట్లో ఒకటిగా కలిసే ఉంటాయి. తమ కాండానికి సన్నని ముళ్లుంటాయి, దానికి ఉండవు. ఈ తేడాలు చూపించడానికి నాకు కళ్లజోడు కావాలి, అది అన్నం పళ్లెం పక్కనే ఉండిపోయింది. కాబట్టి శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాలలో రెండో ఏడాది చదువుతున్న మా అన్న మనవడికి ఫోను చేయించి, మొక్కల శాస్త్రంలో తమ అసలు పేరేమిటో ఎస్.ఐ. గారికి వినబడేలా చెప్పమన్నాను. వాడు గొంతు సవరించుకొని పాఠం అప్పగించినట్టు “హైబిస్కస్ కన్నాబినస్” అన్నాడు.

గది నిశ్శబ్దమైంది.

కన్నాబినస్. గంజాయి మొక్కకు కన్నాబిస్ అని 1753లో పేరు పెట్టిన మొక్కల శాస్త్రవేత్త లినేయస్ మహాశయుడే ఆరేళ్లు తిరగకుండా, 1759లో, తమ ఆకును చూసి ‘గంజాయిని పోలినది’ అని తమకు ఈ నామకరణం చేశాడట. బెండ, పత్తి, మందార తమ రక్త సంబంధీకులు; ఆ ఇళ్లలో పెట్టుకోదగిన పేర్లే లేవా? పెట్టినవాడు స్వీడన్ దేశంలో సుఖంగా పెట్టి పోయాడు. రెండు వందల అరవై ఏళ్ల పైచిలుకు తరువాత తిరుపతిలో ఒక పింఛనుదారు దాన్ని తన నిర్దోషిత్వానికి రుజువుగా చదివించుకున్నాడు. అసలు గంజాయి జాతికే ఉత్తరాఖండ్‌లో 2018లో నార కోసం పండించుకోవడానికి లైసెన్సు దొరికింది. గోగాకును గోగాకు అని రాసిచ్చే కాగితం మాత్రం నిన్న మధ్యాహ్నం నాకు ఎక్కడా దొరకలేదు.

నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి ఉంది. ఆ గదిలో ఆరుగురం ఉన్నాం. ఆరుగురమూ పుట్టిన దగ్గరనుంచి గోగాకు తిన్నవాళ్లమే. పచ్చడి, పులుసు, పప్పు, మాంసంలో వేసిన కూర, ఏ రూపంలో పెట్టినా కళ్లు మూసుకొని చెబుతాం. ఎర్రచందనం చెక్కను చీకట్లో తడిమి చెప్పగలిగిన సిబ్బంది ఉన్న ఊరు ఇది. అలాంటి చోట, వేరు మీద నిలబడి ఉన్న గోగు మొక్కను గుర్తుపట్టినవారు ఒక్కరూ లేరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగునార కోసం మనిషిని మించిన ఎత్తున ఈ పంట నిలబడుతుంది. అటునుంచి వచ్చిన కానిస్టేబులు ఒకాయన ఉన్నారట, ఆయన సెలవులో ఉన్నారు. మిగిలిన మాకందరికీ తమరు అరటినార కట్టిన పది రూపాయల కట్టగానో, జాడీలో నూనె కింద నల్లబడిన ముద్దగానో మాత్రమే పరిచయం. రుచి చూస్తే తేలిపోతుంది గదా అని నేనన్నాను. నిజమే. కాని ఎవరు చూస్తారు? గోగాకు కాకపోతే? విధి నిర్వహణలో ఉన్న సిబ్బంది నమలరాదు; నిందితుడు నమిలితే సాక్ష్యాన్ని మింగినట్టవుతుంది. ఒక్కటి దాచకుండా చెప్పాలి: మూడున్నర గంటల ప్రాంతంలో, బెండకాయ బొమ్మ ఉన్న ఆ పొట్లం గుర్తొచ్చి, ఇది నిజంగా గోగేనా అని నేను కూడా తమరి వంక అనుమానంగా చూశాను. మూడు నెలలు నా చేత్తో నీళ్లు పోసిన మొక్కను, ఒక్క క్షణం, నేనే ఎరగనన్నాను.

ఐదు గంటలకు టీ తెచ్చే ఆమె వచ్చింది. గ్లాసులు దించుతూ దించుతూ, అడగకుండా, ఆగకుండా, కొసన ఒక లేత ఆకు తుంచి నోట్లో వేసుకుంది. ఎస్.ఐ. గారు కుర్చీలోంచి సగం లేచారు. ఆమె పుల్లగా మొహం పెట్టి, “బాగా పులుపెక్కిండాదే! ఇది గోగాకు గదా నైనా, దీన్ని పెట్టుకోని ఇంతసేపూ ఏం చేస్తా వుండారు?” అంది. లినేయస్ వల్ల, వ్యవసాయ కళాశాల వల్ల, 1985 చట్టం వల్ల కానిది మూడు నమిళ్లలో తేలిపోయింది. ఎస్.ఐ. గారు నాకు నమస్కారం పెట్టి టీ ఇప్పించారు. చక్కెర ఎక్కువైంది. నేనేమీ అనలేదు.

ఇంతవరకు తమరు, తమరు అని రాసుకొచ్చాను. ఇక నా వల్ల కాదు. నువ్వు ఏ ఆకు వేస్తే నీ సొమ్మేం పోయింది? నిన్ను ఎవడు ఏడు చీలికలు చీలమన్నాడు? గుండ్రటి ఆకు పులుపెక్కదా? నీ తోబుట్టువు మందార వందేళ్లుగా మా వీధి గోడల మీద ఊగుతోంది, ఒక్క కానిస్టేబులైనా దాని గుమ్మం తొక్కాడా? నిన్ను పెరికి కుప్పలో పారేద్దామని నిన్న రాత్రి ఏడున్నరకు మేడ ఎక్కాను, అబద్ధమెందుకు. మా ఇంటావిడ వెనకే పళ్లెం పట్టుకొని వచ్చి, పెరకడం ఎటూ పెరుకుతున్నారు గనుక ముందు ఆకు దూసి ఇమ్మంది. దూశాను. స్టేషనులో నాలుగున్నర గంటలు వాడిన మొక్కకు ఆ పులుపు ఎక్కడనుంచి వచ్చిందో తెలియదు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి ఆమె నూరిన పచ్చడితో, మధ్యాహ్నం సగంలో వదిలిన అన్నానికి బాకీ తీర్చినట్టు రెండు మారులు వడ్డించుకొని తిన్నాను. పెరకడం వాయిదా పడింది.

పగటి పొద్దు తగ్గితే గాని నువ్వు పూయవని మా వాడు చెప్పాడు. (ఆ అలవాటు గంజాయికీ ఉందట, ఇందులోనూ దాని అడుగుజాడే!) లేత పసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు, అచ్చం బెండపువ్వు అట. అది పూస్తే వీధికి నా మీద అనుమానం పోతుంది. అందాకా ఏం చేయాలో తోచక, ఈ తెల్లవారుజామున అట్టముక్క మీద ‘ఇది గోగాకు’ అని పెద్ద అక్షరాలతో రాసి, పిట్టగోడకు పైన, ఎదురింటి అబ్బాయికి కనబడేలా నీ మెడకు కట్టాను. పైవాటాల వారందరికీ మేడ మెట్లు ఒక్కటే. పది గంటలకు వెళ్లి చూద్దును గదా, ఐదు మొక్కలకూ చేతికి అందినంత మేర ఒక్క ఆకు లేదు. అందని ఎత్తున, కొసన, ఏడు చీలికల ఆకులు మాత్రం మిగిలి, అట్టముక్క మీదుగా వీధిలోకి చూస్తున్నాయి.

దొంగతనం మీద ఫిర్యాదు ఇవ్వమని మా వాడు అంటున్నాడు. ఆ స్టేషనుకు నేను మళ్లీ వెళ్లను.

ఇట్లు,
తమ విధేయుడైన ఒక విశ్రాంత ఉపఖజానా గుమాస్తా,
తిరుపతి